నలభై దాటిన మందుల సంచి

సోలాపూరులోని విడీ ఘర్కుల్ పేరు వినగానే సరిహద్దు గ్రామాలలోని తెలుగు కుటుంబాలకు ఎవరో ఒక బంధువు గుర్తుకు వస్తారు. మరాఠీలో విడీ అంటే బీడీ. ఘర్కుల్ అంటే చిన్న ఇల్లు. మగవారు మరమగ్గాల మీద, ఆడవారు బీడీల చాటల ముందు బ్రతుకు వెళ్లదీసిన కుటుంబాల పేట అది. పని పోవడమన్న మాట అక్కడ ఎవరికీ కొత్త కాదు. 1877లో స్థాపితమై జునీ మిల్లుగా పేరుపొందిన సోలాపూరు స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు 1960లలో మూతపడింది. లక్ష్మీ–విష్ణు మిల్లు 1990లలో మూతపడింది. మిల్లు గేటుకు తాళం పడిననాడు పాతికేళ్ల యువకుడు మరొక ఊరు వెతుక్కోగలడు. నలభై ఐదేళ్ల నేతగాడు మాత్రం తక్కువ కూలికి ఏదో ఒక షెడ్డులో తలవంచవలసి వస్తుంది. ఈ సత్యాన్ని ఆ పేట ఎవరూ చెప్పకుండానే నేర్చుకొన్నది.

అందుకే అటువంటి కుటుంబాలు పిల్లలను చదివించాయి. చదివిన కొడుకు మగ్గం జోలికి పోకుండా, ఎండకు ఎండకుండా, తెల్లచొక్కా తొడిగి నెలజీతం తెచ్చుకోవాలన్నది తల్లిదండ్రుల కోరిక. సైన్సు డిగ్రీ చదివినవారికి అటువంటి కొలువులలో అందుబాటులో ఉన్నది మందుల కంపెనీ ప్రతినిధి పని. జనం నోట ఆయన మెడికల్ రెప్. భుజాన నల్లని సంచి, మెడలో టై, మోటారు సైకిలు. పొద్దున ఆసుపత్రి వరండాలో నిరీక్షణ, మధ్యాహ్నం మందుల దుకాణాలలో ఆర్డర్లు, రాత్రి ఇంటికి చేరాక ఆనాటి పని వివరాల నివేదిక. చూసేవారికి అది గౌరవనీయమైన కొలువే. అయితే నలభై దాటిన తరువాత ఆ కొలువు ఎంత బలహీనమైనదో ఇటీవలి సంవత్సరాలలో వెల్లడి అవుతున్నది.

ఎందుకు వయసు మీరినవారే?

మందుల అమ్మకాల తీరు పదేళ్లలో చాలా మారింది. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వుతో అత్యవసర మందుల ధరలకు గరిష్ఠ పరిమితి వచ్చింది. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల సంఖ్య 2025 ఆరంభానికి 15,000కు చేరుకొన్నది. పెద్ద ఆసుపత్రులలో ఏ మందు కొనాలో నిర్ణయించేది డాక్టరు ఒక్కడే కాదు. కొనుగోలు విభాగం కూడా. 2020లో కరోనా వచ్చి ఆసుపత్రుల తలుపులు ప్రతినిధులకు మూసుకుపోయినప్పుడు కంపెనీలు ఫోను మీద, తెర మీద డాక్టర్లతో మాట్లాడడం అలవాటు చేసుకొన్నాయి. 2024 మార్చి 12న కేంద్రప్రభుత్వం మందుల ప్రచారానికి సంబంధించిన ఏకరూప నియమావళిని ప్రకటించింది. డాక్టర్లకు కానుకలు, విహారయాత్రలు ఇవ్వరాదని అది నిర్దేశించింది.

వీటికి తోడు విదేశీ కంపెనీలు తమ పాత బ్రాండ్లను దేశీయ కంపెనీల చేతికి అప్పగిస్తున్నాయి. 2022 ఫిబ్రవరిలో నోవార్టిస్ ఇండియా వోవెరాన్, మెథర్జిన్ వంటి తన పాత మందుల విక్రయ బాధ్యతను హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్‌కు అప్పగించింది. దాని వల్ల సుమారు 400 మంది ఉద్యోగులపై ప్రభావం పడుతుందని అప్పట్లో పత్రికలు వ్రాశాయి. మందు అదే, డాక్టరు అదే, దుకాణమూ అదే. ఆ మందును ఏళ్ల తరబడి మోసిన మనిషి మాత్రం అవసరం లేకుండా పోతాడు.

కోత పడినప్పుడు కత్తి ముందుగా నడివయసువాని మీదనే వాలడానికి కారణం లెక్కలలో ఉన్నది. ఇరవై ఏళ్ల సేవతో పెరిగిన ఒక్క జీతానికి ఇద్దరు కొత్త కుర్రవాళ్లు వస్తారు. కొత్తవాడు నెలకు ఇరవై రోజులు బయట ఊళ్లలో తిరగగలడు. పెళ్లికాని వాడు కనుక ఎక్కడికి బదిలీ చేసినా పోగలడు. నడివయసువానికి పిల్లల చదువులు, ఇంటి అప్పు, ముసలి తల్లిదండ్రులు, మోటారు సైకిలు మీద అరిగిన నడుము. ఆయనకున్న అసలు ఆస్తి పరిచయం: ఫలానా డాక్టరు ఏ వేళకు మాట వింటాడో, ఫలానా దుకాణదారు బాకీ ఎప్పుడు తీరుస్తాడో ఆయనకు తెలుసు. ఆ సమాచారమంతా ఆయన చేతనే రోజూ నివేదికలలో నింపించి కంపెనీ తన కంప్యూటరులో భద్రపరచుకొన్నది. ఏరు దాటిన తరువాత తెప్ప తగలేయడమంటే ఇదే.

ఇది ఇక్కడి వింత మాత్రమే కాదు. 2006 నవంబరులో ఫైజర్ కంపెనీ అమెరికాలోని తన విక్రయ సిబ్బందిలో 20 శాతం మందిని తగ్గిస్తున్నట్లు ప్రకటించింది. కాని అక్కడ ఒక తేడా ఉన్నది. నలభై దాటినవారిపై వయసు కారణంగా వివక్ష చూపరాదని 1967లోనే అమెరికా చట్టం చేసింది. సామూహికంగా తొలగించేటప్పుడు హక్కులు వదులుకొంటూ సంతకం చేయమని అడిగితే, ఆలోచించుకొనడానికి 45 రోజుల గడువు ఇవ్వాలనీ, ఎవరిని తీశారో ఎవరిని ఉంచారో వారి వయసులతో సహా జాబితా చూపాలనీ 1990 నాటి సవరణ చెబుతున్నది. వయసు చూసి తీసివేశారా లేదా అన్నది ఆ జాబితాతో అక్కడి ఉద్యోగికి తెలిసిపోతుంది. మన దేశంలో ప్రైవేటు ఉద్యోగికి అటువంటి జాబితా అడిగే హక్కును ఏ చట్టమూ ఇవ్వలేదు.

కార్మికుడా, కాదా?

మన దేశంలో మందుల ప్రతినిధి కథ అసలు కార్మికుడా కాదా అన్న ప్రశ్న దగ్గరే చాలాకాలం ఆగిపోయింది. 1961లో మే అండ్ బేకర్ కేసులో సుప్రీంకోర్టు, ఆయన చేసేది చేతిపనీ కాదు, గుమాస్తా పనీ కాదు కనుక పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికుడు కాడని తేల్చింది. ప్రతినిధుల మొర విన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ 1972లో వారికి రక్షణ ఉండాలని సిఫారసు చేసింది. ఫలితంగా 1976లో విక్రయ ప్రోత్సాహక ఉద్యోగుల సేవా నిబంధనల చట్టం వచ్చింది. నియామక పత్రం తప్పనిసరి అని, పనిచేసిన కాలంలో పదకొండవ వంతు ఆర్జిత సెలవు ఇవ్వాలని, తొలగింపు విషయంలో పారిశ్రామిక వివాదాల చట్టం వర్తిస్తుందని అది చెప్పింది. మొదట్లో వేతన పరిమితి ఉండగా, 1987లో అమలులోకి వచ్చిన సవరణ దానిని చాలామేరకు తొలగించింది. అయినా వివాదం ఆగలేదు. చివరకు 1994లో శాండోజ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఆ ప్రత్యేక చట్టం ఇచ్చినంత మేరకే వారికి రక్షణ ఉంటుందని స్పష్టం చేసింది.

ఇక్కడ విడీ ఘర్కుల్ తల్లులను తలచుకోవలసిన అవసరం ఉన్నది. అదే 1976లో పార్లమెంటు బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టాన్నీ, దానికి డబ్బు సమకూర్చే సెస్సు చట్టాన్నీ చేసింది. అంతకు పదేళ్ల ముందే, 1966లో, ఇంటి దగ్గర కూర్చుని బీడీలు చుట్టే స్త్రీని కూడా కార్మికురాలిగా గుర్తించే చట్టం వచ్చింది. చదువు లేని తల్లి చేతికి గుర్తింపు కార్డు వచ్చింది. దానితో ఆసుపత్రి, పిల్లల చదువుకు సహాయం, ఇంటికి సహాయం అందాయి. సోలాపూరులో సంఘం బలం దానికి తోడయింది. మాజీ శాసనసభ్యుడు నర్సయ్య ఆడం నాయకత్వంలో సాగిన ఉద్యమం ఫలితంగా కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరిట బీడీ కార్మిక స్త్రీలకు 10,000 ఇళ్లు 2006లో అందాయి. తరువాత అదే కుంభారిలో అసంఘటిత కార్మికుల కొరకు 30,000 ఇళ్ల రేనగర్‌కు 2019 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేయగా, 2024 జనవరి 19న 15,000 ఇళ్లు అప్పగించబడ్డాయి.

తల్లి చేతిలో బీడీ కార్డు. కొడుకు జేబులో విజిటింగ్ కార్డు. మొదటిది ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు, రెండవది కంపెనీ అచ్చువేయించిన అలంకారం. ఉద్యోగం పోయిన మరునాడు ఆ రెండవ కార్డు విలువ చిత్తుకాగితం కంటె మించదు. తెల్లచొక్కా వేసిన కొడుకు తల్లికంటె పెద్ద మెట్టు ఎక్కాడని ఇంటిల్లిపాదీ అనుకొన్నారు. చట్టం దృష్టిలో మాత్రం ఆయన కాలూనిన మెట్టు తల్లి మెట్టుకంటె గట్టిది కాదు.

అలాగని బీడీ తల్లి పరిస్థితి పచ్చగా ఉన్నదని కాదు. 2016 ఏప్రిల్ నుంచి పొగాకు పొట్లాల మీద 85 శాతం మేర బొమ్మల హెచ్చరిక తప్పనిసరి అయింది. 2017 జూలైలో బీడీల మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. సంక్షేమ నిధికి ఆధారమైన సెస్సు అప్పుడే రద్దయింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీల మీద పన్నును 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించినా, పొగాకు వాడకం తగ్గాలన్నదే దేశం ఒప్పుకొన్న దారి. ఆ దారి మంచిదే. పొగాకు కార్మికులకు మరొక జీవనోపాధి చూపాలని 2004లో భారతదేశం ఆమోదించిన అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒప్పందమే చెబుతున్నది. ఆచరణ ఎంత అన్నది వేరు ప్రశ్న. కనీసం కాగితం మీద ఆమె సంగతి ఒకరు ఆలోచించారు. మందుల ప్రతినిధి విషయంలో ఆ మాత్రం ఆలోచనకూడా జరగలేదు.

కొత్త చట్టాలు ఏమి చెబుతున్నవి

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. 1976 నాటి విక్రయ ఉద్యోగుల చట్టం వాటిలో కలిసిపోయింది. అయితే పారిశ్రామిక సంబంధాల స్మృతి ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోనే విక్రయ ప్రోత్సాహక ఉద్యోగిని చేర్చింది. 1961 నుంచి నలుగుతున్న ప్రశ్నకు ఇది సూటి సమాధానం. ఇది మంచి మార్పు.

రెండవ వైపు కూడా చూడాలి. తొలగింపుకు ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన కర్మాగారాలు, గనులు, తోటలకే పరిమితం. దానికి కావలసిన కార్మికుల సంఖ్య కూడా 100 నుంచి 300కు పెరిగింది. ఊరూరా తిరిగే ప్రతినిధికి ఆ రక్షణ మొదటినుంచీ లేదు, ఇప్పుడూ లేదు. పైగా నిర్ణీత కాలపు నియామకాలకు స్మృతి చట్టబద్ధత కల్పించింది. గడువు తీరి కొలువు ముగిస్తే అది తొలగింపు కిందికి రాదు. నడివయసు శాశ్వత ఉద్యోగిని పంపి ఆ స్థానంలో ఏడాది ఒప్పందం మీద కుర్రవానిని తీసుకొనే దారి దీనితో సుగమమైంది. ఆ కుర్రవానికి ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ దక్కుతుందన్నది ఒక్కటే ఊరట.

అయినా పాత చట్టంలోని మూడు ముఖ్యమైన నియమాలు కొత్త స్మృతిలోనూ నిలిచాయి. మొదటిది, ఏడాదికి తగ్గకుండా పనిచేసినవానిని తొలగించాలంటే నెలరోజుల నోటీసు గాని, దానికి బదులు జీతం గాని ఇవ్వాలి. రెండవది, సేవ చేసిన ఒక్కొక్క సంవత్సరానికి పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. అంటే ఇరవై ఏళ్లు పనిచేసినవానికి పది నెలల జీతం. మూడవది అన్నిటికంటె ముఖ్యం: ఒకే తరగతి పనివారిలో ఆఖరున చేరినవానిని ముందుగా తీయాలి, అలా కాక వేరొకరిని తీస్తే కారణాలు వ్రాతపూర్వకంగా నమోదు చేయాలి. చట్టం ప్రకారం ఎక్కువ రక్షణ ఉండవలసింది పాతవానికే. జరుగుతున్నది మాత్రం తలక్రిందులుగా ఉన్నది. వీటికి తోడు, తొలగించిన ప్రతి కార్మికునికి పదిహేను రోజుల వేతనానికి సమానమైన మొత్తాన్ని కొత్త నైపుణ్యం నేర్చుకొనే నిధికి యజమాని జమచేయాలని, దానిని 45 రోజులలో కార్మికుని ఖాతాకు చేర్చాలని స్మృతి చెబుతున్నది.

రాజీనామా అన్న ఉచ్చు

చట్టం ఇంత చెప్పగా ఉద్యోగం పోయినవారు వట్టిచేతులతో ఇంటికి ఎందుకు వస్తున్నారు? సమాధానం ఒక్క మాటలో ఉన్నది: రాజీనామా. తొలగింపు ఉత్తర్వు ఇస్తే నోటీసు, పరిహారం, కారణాలు అన్నీ చూపవలసి వస్తుంది. అందుకు బదులు అమ్మకాల లక్ష్యాన్ని ఒక్కసారిగా పెంచడం, ప్రతివారం సంజాయిషీ అడగడం, సోలాపూరులో ఇల్లు కట్టుకొన్నవానిని రెండు వేల కిలోమీటర్ల దూరానికి బదిలీ చేయడం జరుగుతుంది. విసిగిపోయిన మనిషి స్వంత కారణాలతో మానుకొంటున్నానని వ్రాసి ఇస్తాడు. ఆ ఒక్క సంతకంతో పది నెలల జీతం పోతుంది. పై కొలువులో అడిగితే తీసివేశారని చెప్పుకోవడం నామోషీ అన్న భావన కూడా చేతిని సంతకం వైపు నెడుతుంది.

మరొక ఉచ్చు పదోన్నతి రూపంలో వస్తుంది. నలభై దగ్గరపడేసరికి ప్రతినిధికి ఏరియా మేనేజరన్న హోదా దక్కుతుంది. ఇంట్లో మిఠాయి పంచుతారు. నిర్వాహక హోదాలో ఉన్నవారు, నెలకు 18,000 రూపాయలు మించి పొందుతూ పర్యవేక్షణ పని చేసేవారు కార్మికుల నిర్వచనంలోకి రారు. అంటే పేరు పెరిగిననాడే చట్టపు గొడుగు జారిపోయే ప్రమాదం ఉన్నది. అయితే పలకమీది హోదాను కాక, రోజూ చేసిన అసలు పనిని చూసి తేల్చాలన్నది న్యాయస్థానాలు చాలాకాలంగా పాటిస్తున్న సూత్రం. మేనేజరని పిలిపించుకొంటూ స్వయంగా సంచి మోసి డాక్టర్లను కలిసినవాడు దానికి ఆధారాలు దాచుకొంటే వాదించే అవకాశం ఉంటుంది.

సరిహద్దు జిల్లాలవారికి ఒక అదనపు చిక్కు ఉన్నది. కంపెనీ కార్యాలయం ముంబయిలో, ప్రతినిధి నివాసం సోలాపూరులో, తిరిగేది కలబుర్గి, బీదరు, జహీరాబాదు దుకాణాలలో. ఏ రాష్ట్రపు కార్మిక శాఖ తలుపు తట్టాలన్న సందేహంలోనే కాలం గడిచిపోతుంది. నియామక పత్రంలో పనిస్థలంగా ఏ ఊరు వ్రాశారు, జీతం ఎక్కడ అందింది, తొలగింపు లేఖ ఏ చిరునామాకు వచ్చింది అన్నవి అప్పుడు ఉపయోగపడతాయి. వివాదం ముందుగా సంప్రదింపుల అధికారి దగ్గరికి, 45 రోజులలో తేలకపోతే ట్రిబ్యునలుకు వెళ్లవచ్చు. అయితే తొలగించిన తేదీ నుంచి రెండేళ్లు దాటితే ఆ తలుపు మూసుకుపోతుంది. పాత చట్టంలో ఈ గడువు మూడేళ్లు.

కనుక ఇంట్లో ఇటువంటి కొలువు చేసేవారున్న కుటుంబం ఇప్పుడే కొన్ని కాగితాలు భద్రపరచడం మేలు. నియామక పత్రం, బదిలీ ఉత్తర్వులు, జీతపు చీటీలు, దినసరి నివేదికల నకళ్లు, భవిష్యనిధి ఖాతా సంఖ్య కంపెనీ ఇచ్చిన ఫోనులోనో కంప్యూటరులోనో మాత్రమే ఉంటే చాలదు. కొలువు పోయిన గంటలో అది తెరుచుకోవడం మానేస్తుంది. రాజీనామా అడిగిననాడు అక్కడికక్కడే సంతకం చేయక, ఇంటివారితోను, ప్రతినిధుల సంఘంతోను మాట్లాడతానని చెప్పడం నేరం కాదు. ఔషధ విక్రయ ప్రతినిధుల సంఘాల సమాఖ్య దేశవ్యాప్తంగా పనిచేస్తున్నది.

చేతికి వచ్చేది ఎంత?

గ్రాట్యుటీ లెక్క సులభం. నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, ఆపైన సేవాకాలంతో హెచ్చిస్తే వస్తుంది. 30,000 రూపాయల వేతనంతో 22 ఏళ్లు పనిచేసినవానికి సుమారు 3 లక్షల 80 వేలు. ప్రతినిధుల జీతంలో భత్యాల పాలు ఎక్కువ. కొత్త స్మృతుల ప్రకారం మినహాయించదగిన భత్యాలు మొత్తంలో సగం మించితే, మించిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలి. ఈ నియమం తెలిసి అడిగితే గ్రాట్యుటీ కొంత పెరుగుతుంది. రాజీనామా చేసినా అయిదేళ్ల సేవ ఉన్న శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ పోదు.

పింఛను మాత్రం నిరాశే. 2014 సెప్టెంబరులో నిర్ణయించిన 15,000 వేతన పరిమితి మేరకే చందా కట్టి ఉంటే ఇరవై ఏళ్ల సేవకు నెలకు ఐదు వేలు కూడా నిండవు. అదీ 58 ఏళ్లు వచ్చాకనే. 50 ఏళ్ల నుంచి ముందుగా తీసుకొనవచ్చు గాని, ప్రతి ఏడాదికి 4 శాతం తగ్గుతుంది. నలభై ఐదేళ్లకు కొలువు పోయినవానికి ఆ ఐదేళ్లూ ఏ ఆధారమూ లేదు. జీతం 21,000 దాటినందున ఈఎస్‌ఐ ఆసుపత్రి, అక్కడి నిరుద్యోగ భృతి ఎప్పుడో దూరమయ్యాయి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. జీవితమంతా మందులు మోసినవాడు తనకు రక్తపోటు వచ్చే వయసులో మందుల ఖర్చుకు వెనుకాడే స్థితి ఇది.

భారం ఎవరిది?

మందుల ధర తగ్గడం, డాక్టర్లకు కానుకలు ఆగడం జనానికి మేలు. జన ఔషధి దుకాణంలో చవకగా మందు కొన్న పల్లె కుటుంబం దానిని కాదనదు. పొగాకు తగ్గడమూ మేలే. కాని ఆ రెండు మేళ్ల ఖరీదును ఒకచోట బీడీ చుట్టిన తల్లి, మరొకచోట సంచి మోసిన కొడుకు చెల్లిస్తున్నారు. కొన్ని ఇళ్లలో ఆ ఇద్దరూ ఒకే కప్పు క్రింద ఉంటారు. సమాజమంతా పంచుకొనే లాభానికి నష్టాన్ని మాత్రం కొద్దిమంది మీద వేయడం న్యాయం కాదు.

ప్రభుత్వాలు చేయదగిన పనులు అసాధ్యమైనవేమీ కావు. సామూహికంగా రాజీనామాలు తీసుకొన్న కంపెనీ ఆ ఉద్యోగుల వయసుల జాబితాను కార్మిక శాఖకు సమర్పించాలని నిబంధన పెట్టవచ్చు. సంతకానికి ముందు ఆలోచించుకొనే గడువును తప్పనిసరి చేయవచ్చు. ఆఖరున వచ్చినవాడు ముందు వెళ్లాలన్న నియమాన్ని ఉల్లంఘించిన చోట కారణాల పత్రాన్ని అడిగి చూడవచ్చు. మందుల నిల్వ, రవాణా, ఆసుపత్రి కొనుగోళ్లు, జన ఔషధి దుకాణాల నిర్వహణ వంటి పనులలో ఈ అనుభవజ్ఞులకు ప్రాధాన్యం ఇవ్వవచ్చు. మందుల పేర్లు, మోతాదులు, గడువు తేదీలు వారికి తెలిసినంతగా కొత్తవారికి తెలియవు.

విడీ ఘర్కుల్ ఇళ్లు ఎవరి దయతోనూ రాలేదు. చదువురాని స్త్రీలు గుర్తింపు కార్డు సాధించుకొని, సంఘంగా నిలబడి, ఏళ్ల తరబడి అడిగితే వచ్చాయి. చదువుకొన్న కొడుకులు కార్మికుడన్న మాటను నామోషీగా తలచినంతకాలం ఒక్కొక్కరుగా సంతకాలు పెట్టి ఒక్కొక్కరుగా ఇంటికి వస్తారు. కొత్త స్మృతి ఆ మాటను వారికి స్పష్టంగా ఇచ్చింది. దానిని పట్టుకొని నిలబడడం వారి చేతులలోనే ఉన్నది.